రాకెట్ గారి ఎనభై

"ఎనభై!" అన్నారు స్పీడు మీటరు చూసి, పాత టూరిస్టు బస్సు స్టీరింగు మీదికి వాలి, ఊరంతా రాకెట్ అని పిలుచుకునే ఆయన.

వెనక సీట్లో ఉన్న భార్య తన ఫోను చూసింది. "ఇది యాభై అయిదంటోందండీ. ఇందాక పాలవ్యాను కూడా మనల్ని దాటిపోయింది."

"ఫోనుకేం తెలుసు బస్సు సంగతి! నా జన్మలో ఎనభైకి తగ్గలేదు."

ఆ తగువు తేల్చుకోవడానికి వెళ్లిన షెడ్డులో మెకానిక్ బస్సు కిందికి దూరి, మసిచేతులతో బయటికొచ్చాడు. "గేరుబాక్సు దగ్గర మీటరును తిప్పే పళ్లచక్రం వేరే బండిదన్నా. అందుకే ఎక్కువ చూపిస్తోంది. సరైనది బిగించాను. ఓ రౌండు వేసి చూసి రండి."

ఈయన గొప్పలకు ఇవాళ్టితో మూతపడుతుందని సంబరపడుతూ ఆవిడ ముందు సీట్లోకి మారింది.

"ఏదీ, ఇప్పుడు చూపించండి మీ ఎనభై!"

రోడ్డు ఖాళీగా ఉంది. ముల్లు అరవై దాటింది. డెబ్బై దగ్గరికొచ్చేసరికి ఆయన మెడంతా చెమట. స్టీరింగును రెండు చేతులా వాటేసుకున్నారు.

ఆవిడ నోటిదాకా వచ్చిన ఎగతాళి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లూ యాభై అయిదు దాటని మనిషికి నిజం వేగమంటే ఇంత భయమన్నమాట.

"ఆపండి బాబూ, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

షెడ్డుకు తిరిగి రాగానే ఆవిడ మెకానిక్‌తో గట్టిగా చెప్పింది. "తమ్ముడూ, ఆ పాత చక్రమే బిగించెయ్. ఈ కొత్తది అబద్ధాలు చెబుతోంది."

"నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదేగా!" అంటూ రాకెట్ గారు దర్జాగా చెమట తుడుచుకున్నారు.