పెట్టె నిండా చిప్‌లు

ఇనుపకడ్డీ రెండోసారి మోకాలిమీద పడినప్పుడు త్రినాథరావు అరవలేదు. ఆ బాధ్యతను మోకాలే స్వీకరించి, ఎండుకట్టె విరిగిన చప్పుడుతో నిర్వర్తించింది.

"ఎక్కడెట్టినావు బావా?" అన్నాడు సత్యారావు, కడ్డీని భుజానికెత్తుకుంటూ. "చిప్‌లెక్కడో చెప్పీ. అప్ప మొహం చూసి ఇంతవరకూ మెల్లగానే కొడతన్నాను."

"నీ మెల్లగా మండిపోను! చెప్పను."

మూడో దెబ్బ దవడకు తగిలింది. ఒక పన్ను నెత్తుటితో సహా వెలుపలికి వచ్చి, బల్లమీది విడిభాగాల నడుమ తానూ ఒక విడిభాగమై స్థిరపడింది.

సూదిమొన మోపినంత చోటు కోసం వంశాలకు వంశాలే నేలకూలిన దేశం మనది. వేలిగోటిమీద పట్టే సిలికాన్ పలుకు కోసం భిలాయిలో ఒక బావామరుదుల జంట కత్తులు నూరుకోవడంలో వింతేమీ లేదు. ఇద్దరివీ పక్కపక్క షెడ్లే. ఇద్దరి వృత్తీ ఒకటే, క్రేన్ల కంట్రోల్ బోర్డులు బాగుచేయడం. చిప్‌ల కరువు వచ్చినప్పటినుంచి ఇద్దరి షెడ్లలోనూ ఈగలే ఓవర్‌టైమ్ చేస్తున్నాయి.

ఆ కరువు లోతెంతో కొలవాలని ప్రభుత్వం సంకల్పించింది. కొలిచేందుకు రజనీకుమారి అనే తాత్కాలిక ఉద్యోగిని ట్యాబ్ పట్టుకుని షెడ్డు షెడ్డూ తిరిగింది. చిప్‌లు ఉన్నవారు దాడులకు జడిసి లేవన్నారు. లేనివారు నిజాయితీగా లేవన్నారు. త్రినాథరావు ఒక్కడే, "పెట్టె నిండా ఉన్నాయమ్మా" అన్నాడు. వివరాలు పరమగోప్యంగా ఉంటాయని ఆమె హామీ ఇచ్చింది. ఆ హామీ అంత గట్టిది కాబట్టే విషయం క్యాంప్ 2 పేటలోని టీకొట్లకు చేరడానికి మర్నాటిదాకా పట్టింది.

టీకొట్లనుంచి అది ఒక రోలింగ్ మిల్లు మేనేజరు సుభాష్ చెవిన పడింది. మిల్లు క్రేన్ల మరమ్మతు కాంట్రాక్టు చిప్‌లు చేతిలో ఉన్నవాడికే ఇస్తానని, ఈ ఉదయమే స్వయంగా వచ్చి, సరుకు కళ్లారా చూసి సంతకం చేస్తానని అతడు కబురంపాడు. ఆ సంతకం పడితే త్రినాథరావు షెడ్డు బతుకుతుంది. పడకపోతే తాళమే. కనుక సత్యారావు మేనేజరుకన్నా ముందే, జితేంద్ర అనే పహిల్వానునూ అతని మనుషులనూ వెంటేసుకుని వేంచేశాడు.

జితేంద్ర సమ్మెటతో బీరువాలు పగలగొట్టాడు. గోడకు కన్నం పెట్టాడు. నేల గచ్చు పెళ్లలుగా లేపాడు. ధూళి తప్ప ఏమీ దొరకలేదు.

"బుడ్ఢా చాలాక్ ఉన్నాడు భయ్యా," అన్నాడు, చెమట తుడుచుకుంటూ ఆరాధనగా. "ఎక్కడో పాతేశాడు."

సత్యారావు బావ ఎడమచేతిని బల్లకు బిగించిన వైస్ దవడల మధ్య పెట్టి, పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

"చెప్పు బావా."

"నీ అక్కని చేసుకున్నవాణ్ణిరా నేను. నొప్పి నాకు కొత్తేటి?"

పిడి మరో చుట్టు తిరిగింది. వేళ్లు ఒక్కొక్కటే చిట్లాయి. త్రినాథరావు కళ్లు తేలేశాడు గాని నోరు తెరవలేదు.

అప్పుడే టిఫిన్‌ క్యారియరుతో లోపలికొచ్చింది కన్నమ్మ. భర్తను చూసింది, తమ్ముణ్ణి చూసింది. క్యారియరు విసిరి జితేంద్ర ముక్కు పగలగొట్టింది. బల్లమీద కాగుతున్న సోల్డరింగ్ ఐరన్ తీసి తోడబుట్టినవాడి ముంజేతికి అంటించింది. చర్మం కాలిన వాసన షెడ్డంతా కమ్ముకుంది.

"ఓలప్పా! కాలిపోనాను!"

"కాలిపో! నా చేత్తో అన్నం తిని పెరిగినావు, నా పసుపు కుంకాలమీదకే వచ్చినావేట్రా!"

ఆమె రెండో వాత వేస్తుండగా వాకిట్లో కారు ఆగింది. మేనేజరు సుభాష్ గుమ్మంలో నిలబడి, తవ్విన నేలనూ నెత్తుటి బల్లనూ వైస్‌లో ఇరుక్కున్న చేతినీ చూసి తెల్లబోయాడు.

సత్యారావు కడ్డీ కింద పడేశాడు. ఓడినవాడు గెలిచినవాడికి పలికే స్తోత్రంలో ఉండే గంభీరతతో అన్నాడు. "సార్, చంపేసినా చెప్పడు. ఇలాంటి మనిషిని నేను చూళ్లేదు."

తన మనుషులను వెంటబెట్టుకుని, చెయ్యి ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

సుభాష్ తానే వైస్ విప్పాడు. త్రినాథరావు తూలుతూ లేవబోయాడు.

"సరుకు... చూస్తారా సార్?"

"సిగ్గు తియ్యకు త్రినాథ్ భయ్యా," అన్నాడు సుభాష్ చేతులు జోడిస్తూ. "ప్రాణం పణంగా పెట్టి కాపాడిన సరుకును మళ్లీ చూపించమని అడిగేంత అల్పుణ్ణా నేను?"

నెత్తురంటని మూల వెతికి కాంట్రాక్టు కాగితంమీద సంతకం చేశాడు. డాక్టరును పంపుతానని చెప్పి కారెక్కాడు.

కన్నమ్మ చీరకొంగు చింపి భర్త వేళ్లకు చుట్టసాగింది. ఏడుపూ కోపమూ ఒకదానినొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

"ఊరంతా లేవంది. నువ్వొక్కడివీ సత్తెకాలపు మనిషివి. ఆ సర్వేకొచ్చిన గుంటకి లేవని ఒక అబద్ధమాడేస్తే, ఈ యేళ్లు మిగిలేవి కదయ్యా!"

త్రినాథరావు నోట్లోని నెత్తురు ఉమ్మి, తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"దీపాలెట్టే వేళకొచ్చి అడిగిందే, ఒక్కటీ లేకపోయినా లేవని ఎలాగంటాను, లచ్చిమి ఎలిపోదేటి?"