ఘుమ్

ఇనుప రాడ్డు రెండో దెబ్బకు గవరయ్య మోచెయ్యి పుటుక్కుమంది. టూర్ల ఆఫీసు గోడమీద అంటించిన టైగర్ హిల్ సూర్యోదయం పోస్టరు మీద నెత్తురు చిందింది.

"నా తమ్ముణ్ణేటి సేసినావురా?" బైరాగి మళ్లీ రాడ్డెత్తాడు. తలుపు దగ్గర దేముడి పెళ్లాం అప్పమ్మ కూలబడి ఉంది.

దేముడు గవరయ్య టూరు బస్సు తోలుకుని డార్జిలింగ్ వెళ్లాడు. పొద్దున కొండమీంచి ఫోనొచ్చింది. గరగరల మధ్య గవరయ్యకు వినిపించింది ఒక్క ముక్కే: "దేముడు గుమ్." బెంగాలీలో గుమ్ అంటే మనిషిని మాయం చేసెయ్యడం. అదే మాట గవరయ్య కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో తమ వీధివాళ్లకు చెప్పాడు.

"కొండమీద గూర్ఖాలాండ్ రాష్ట్రం గొడవలని తెల్దేటి నీకు?" బైరాగి గద్దించాడు.

బేరంలో ఏనాడూ నిజం ముందుగా చెప్పని మనిషి గవరయ్య. మూడో దెబ్బ నుదుటిమీద పడేసరికి లెక్క మార్చుకున్నాడు. ప్రాణం కన్నా నిజమే చౌక.

"తెలుసురా! కొండమీద బస్సులు తగలెడతన్నారని తెలిసే పంపినాను. సంపకురా!"

ఫోను మోగింది. బైరాగి ఎత్తాడు.

"అన్నా, నాను దేముణ్ణి. బందు. ఘుమ్ స్టేషన్లో ఆగిపోనాం. టైగర్ హిల్లూ, బతాసియా ఏటీ సూడనేదు. అందరం బాగున్నాం."

బైరాగి చేతిలోంచి రాడ్డు జారింది. "ఘుమ్ అంటే ఊరంట దాదా!" ఏడుస్తూనే నవ్వాడు.

గవరయ్య నెత్తురు తుడుచుకున్నాడు. "సూసినావా? ఒత్తు ఇనపడనందుకు సంపేసీవోడివి."

అప్పమ్మ లేచొచ్చి రాడ్డు అందుకుంది.

"ఆడు బతికే ఉన్నాడే!" గవరయ్య గోడకు నక్కాడు.

"ఉన్నాడు," అంది అప్పమ్మ. "నువ్వు తెలిసే పంపినావు."