ముందు వచ్చిన రైఫిల్

"శనివారంలోగా ఒక్కటే చెయ్యగలను," అన్నాడు కోలిన్, లేత్ మిషను ఆపి.

ఇంగ్లండులో స్టీవెనేజ్ ఊరి శివార్లలో తుపాకులు బాగుచేసే చిన్న వర్క్‌షాపు అది. బల్ల మీద అప్పటికే ఒక రైఫిల్ ఉంది. దాని పక్కన కుర్చీలో ఒక పెద్దాయన.

అఖిలేష్ తన రైఫిల్ బోల్టు కేసి చూశాడు. దాని కొసన ఉన్న రెండు చెవులకూ కోలిన్ నీలం రంగు పూసి, బిగించి, తీశాడు. ఒకదాని మీదే రంగు చెరిగింది. రెండూ సమంగా ఆనడం లేదు. వెయ్యి గజాల దూరాన గుండ్లు చెదిరిపోతున్నది అందుకే.

"గీ వంకర ఇయ్యాల్నే బయటపడాల్నా!" అని అఖిలేష్ గొణిగాడు.

"తెలుగువాళ్ళా బాబూ!" పెద్దాయన ముఖం వెలిగింది. "నా పేరు దేవదానం. మాది తెనాలి. నా రైఫిల్‌కీ అదే జబ్బు."

"శనివారం కౌంటీ టీమ్ సెలక్షన్ అంకుల్. ఒక్కటే సీటుంది. మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది, ఆదివారం వాపస్ పోతది. ఈ తుపాకి పిచ్చేందిరా అంటది. ఒక్కసారన్న నేను గెలిస్తే చూడాలె."

"పోటీ గట్టిదా?"

"శామ్యూల్ అని ఎవరో దొర ఉన్నడట. నేను ఈ ఏడే క్లబ్బుల చేరిన, మనిషిని చూడలే, లిస్టుల పేరు చూసిన. ఏటా ఆయనే గెలుస్తడట. ఆయన రైఫిల్ ఖరాబ్ కావాలని రోజూ దేవునికి మొక్కుతున్న."

పెద్దాయన పకపకా నవ్వాడు.

"దేవుడు విన్నాడేమోలే!"

అఖిలేష్ చొక్కా చేతికి నీలం రంగు అంటుకుంది. ఆయన జేబురుమాలు తీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు తుడిచాడు.

"కోలిన్, ముందు ఈ అబ్బాయిది ఎక్కించు."

"మరి మీది? శనివారం..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"థాంక్యూ అంకుల్! మీరెక్కడ కాలుస్తరు?"

"ఏదో సరదాకి. చూపు తగ్గుతోంది, ఈ ఏడుతో సరి."

కోలిన్ పని మొదలుపెట్టడంతో అఖిలేష్ కళ్ళన్నీ లేత్ మీదే ఉన్నాయి. ఆ మాట చెవికెక్కలేదు.

శనివారం పొద్దున అఖిలేష్ గుండ్లు ఒకే చోట గుచ్చినట్టు దిగాయి. శామ్యూల్ వంతు మధ్యాహ్నం. చూస్తే గుండె ఆగేలా ఉందని, అమ్మతో టీ కొట్టు దగ్గరే కూర్చున్నాడు.

సాయంత్రం సెక్రటరీ పేరు చదివాడు. ఒకే ఒక్క పాయింటు తేడాతో అఖిలేష్!

అమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

"శామ్యూల్ గుండ్లు ఇలా చెదరడం ఎన్నడూ చూడలేదు," అన్నాడు సెక్రటరీ. "రైఫిల్ సరిచేయించుకోలేదట. ఆయనకిదే ఆఖరి పోటీ, పాపం. అదిగో, అక్కడున్నాడు."

అఖిలేష్ చెయ్యి చాచుకుంటూ ఆ దొర దగ్గరికి వెళ్ళాడు.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పడుకుని కాల్చే చాపను చుట్టడం ఆపి, నీలం మరకల రుమాలుతో ముఖం తుడుచుకుంటూ ఇటు తిరిగిన శామ్యూల్ దేవదానం, "అమ్మ చూసిందా బాబూ?" అన్నాడు.