వేడెక్కితే ఆగే బండి

గోధుమలు ఉడకబెట్టాలి. సమాధి మీద గడ్డి పీకాలి. కొవ్వొత్తులు తేవాలి. వీటన్నిటికంటే ముందు బండిలో లోపమేమిటో తేలాలి. రేపే చనిపోయినవాళ్ళ శనివారం; చర్చిలో ఉడికించిన గోధుమలు పెట్టి, పోయినవాళ్ళ పేర్లు పలికి ప్రార్థించే రోజు. ఇవాళ లోపం దొరక్కపోతే గోధుమలు ఉడికించీ లాభం లేదు.

బండి నెవెనా భర్త లుబెన్‌ది. ఆయన పోయి ఏడాది దాటింది. నెల కిందట ఆమె నడుపుతుంటే ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి దానంతటదే స్టార్టయింది. మెకానిక్ గాన్చో షెడ్డులో ఎన్నిసార్లు చూసినా నిక్షేపంగా నడిచింది.

"రోగం కనబడితేగా అక్కా, మందు వేసేది!"

"అయితే కొండ ఎక్కిద్దాం పద."

దారిలో చర్చి దగ్గర ఆపించి, వెనక సీట్లో ఫాదర్ సావాను ఎక్కించింది.

గాన్చో నవ్వాడు. "మంత్రజలం చల్లితే బాగవుతుందంటారా ఫాదర్?"

ఫాదర్ నవ్వలేదు. ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

జూన్ ఎండ. రొడోపీ కొండదారి. ఒక పక్క లోయ. ఎదురుగా కలప లారీలు దిగుతున్నాయి. ఇంజిన్ వేడెక్కింది. ప్రతి మలుపులోనూ నెవెనా పెదాలు కదులుతున్నాయి.

"భయమైతే వెనక్కి పోదామా అక్కా?"

"నోరు మూసుకుని పోనివ్వు."

క్వారీ మలుపులో ఇంజిన్ టక్కున ఆగింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. గాన్చో బలమంతా పెట్టి బండిని అంచుకు చేర్చాడు. తాళం తిప్పాడు. ఎంత తిప్పినా ఇంజిన్ అంటుకోలేదు. ఆర్పీఎం ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

"దొరికింది! ఇంజిన్ తిరుగుడు పసిగట్టే సెన్సరే!"

తలుపు తీయబోతుంటే నెవెనా అతని చొక్కా పట్టి లాగింది. "చూసి దిగరా!"

హారన్ కొడుతూ ఓ లారీ రాసుకున్నట్టే పోయింది.

గాన్చో బానెట్ ఎత్తి నీళ్ళడిగాడు. ఫాదర్ తన సీసానే ఇచ్చాడు. కాలుతున్న సెన్సర్ మీద ఆ నీళ్ళు పోసి తాళం తిప్పగానే ఇంజిన్ లేచింది.

"వేడెక్కితే పడుకుంటుంది, చల్లబడితే లేస్తుంది. నడిపేవాడి చేతిలో ఏమీ లేదక్కా."

"ఆ మాట ఫాదర్‌కి చెప్పు," అంది నెవెనా.

ఫాదర్ దిగి, మలుపు దాకా నడిచి సిలువ గుర్తు వేసుకున్నాడు.

మర్నాడు చర్చిలో గోధుమల గిన్నెల ముందు ఆయన అందరికీ వినబడేలా అన్నాడు: "క్వారీ మలుపులో కావాలనే బండి ఆపి, దిగి లారీకి ఎదురెళ్ళి ప్రాణం తీసుకున్నాడనుకుని, చర్చి నియమమని ఏడాదిగా నేను ప్రార్థనలో పేరైనా పలకని లుబెన్‌ను ఇవాళ మీరంతా తలుచుకోండి."