మనం

అర్జీ మీద తన సంతకాన్ని ఇస్త్రీ అక్క కొట్టేసింది.

ఊళ్లు తిరుగుతూ వచ్చి, ఈ చిన్న ఊరి లాడ్జిలో బట్టలుతికే పనికి నేను కుదిరి నెల కూడా కాలేదు. ఉక్కపోతలో ఉడికిపోయే ఆమె ఇస్త్రీ గదికి ఫ్యాను పెట్టకపోతే సోమవారం నుంచి అందరం పని ఆపేస్తామని యజమానికి అర్జీ రాసింది నేనే.

“అమ్ముడుపోయావా అక్కా? నిన్న ‘మనం’ అంటే తలూపావు. ఇది ద్రోహం కాదా?”

“అరవకు తమ్ముడూ, గదిలో ఉన్న వేడి చాలు. ఇదిగో, నీ తెల్లచొక్కా.”

మడతపెట్టిన చొక్కా మీద, దాని జేబులో దొరికిన నా బస్సు టికెట్టు ఉంది. వచ్చే ఆదివారానిది.

“సోమవారం యజమాని ముందు నిలబడేది మనం కాదు,” అంది అక్క. “మేము.”