దించుకునే కిల్టు

నా రాతలో అక్షరాల తప్పులుంటాయి, చెయ్యి కూడా నిదానమే. మన్నించి చదవండి.

మగవాళ్లంతా ప్యాంట్లు మానేసి, మోకాళ్ల దాకా వచ్చే గళ్ల కుచ్చిళ్ల కిల్టులు కట్టే కాలం వచ్చింది. చీరాలలో నలభై ఏళ్లు లంగాలు కుట్టిన సూరమ్మకు కుచ్చిళ్లు కొట్టిన పిండి. అయినా ఒకరోజు బస్సు డ్రైవరు ఏసోబు ఆమె కుట్టిన కిల్టునే తెచ్చి ఆమె మిషను మీద పడేశాడు.

“పిన్నీ, మా మావ ఎదురొస్తే చెయ్యి మోకాలి మీదకి పోతంది. లుంగీ అయితే మర్యాదకి మడత దించేవాణ్ణి. దీంట్లో దించటానికేముంది? నాకు పొగరెక్కిందని ఆయన మాట్టాడటమే మానేశాడు. డిపోలో అందరిదీ ఇదే గోల. మళ్లీ ప్యాంట్లకే పోతాం.”

ఎదురు కొట్లో ఈగలు తోలుకుంటున్న ప్యాంట్ల మస్తాను పకపకా నవ్వాడు. “లంగాలు కుట్టే చెయ్యి మగాళ్లకి మర్యాద కుట్టుద్దా సూరక్కా?”

సూరమ్మ కిల్టును దగ్గరికి లాక్కుంది. కిల్టు అంచుకు మూరెడు గుడ్డ కలిపి, లోపలికి మడిచి, చుట్టూ ప్రెస్ బటన్లు వేసింది.

ఆదివారం చర్చి నుంచి వస్తున్న మామ దావీదు సూరమ్మ కొట్టు ముందే ఏసోబుకు ఎదురయ్యాడు. ఏసోబు అంచు పట్టి లాగాడు. బటన్లు టపటపా ఊడి, కిల్టు అంచు చీలమండల దాకా దిగింది.

దావీదు ఆగి కిందికి చూశాడు. అల్లుడి భుజం తట్టాడు.

“ఉండనీలే అల్లుడూ, పైకి కట్టుకో. ఎండగా ఉంది.”

సూరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మస్తాను మెడలో టేపుతోనే రోడ్డు దాటి వచ్చాడు.

“ఆ మడత ఎట్టా ఏశావో నాకూ చెప్పక్కా.”

“చెప్తాలే. ముందు లోపలికొచ్చి సూదిలో దారం ఎక్కించు.”

— పులి చిట్టెమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది చీరాల, పేరాలలో.