అతికించిన పళ్లచక్రాలు

"తాగి లారీని లోయలో పడేశాడని చచ్చిన మనిషి మీద నింద వేస్తావా?" నుజ్జయిన ఆ లారీని విప్పుతున్న షెడ్డులోకొచ్చి, డ్రైవర్ భార్య ఓనర్ని నిలదీసింది.

"తాగుబోతుని పట్టుకుని దేవుడనమంటావా? మేస్త్రీ, నువ్వు కానియ్. ఆ డిఫరెన్షియల్ ఇంకో బండికి ఎక్కించాలి."

మేస్త్రీ వెనక చక్రాల యాక్సిల్ షాఫ్టులు రెండూ లాగి, వాటి మధ్యనుండి చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్‌ని కిందికి దించాడు. లోపలి పళ్లచక్రాలు కదలడం లేదు.

"వీటిని వెల్డింగ్‌తో అతికించేశారేంటి సార్?"

"బురదలో ఒక్క చక్రమే జారి తిరుగుతోందని నేనే చేయించా. ఏం?"

"మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగాలి కదా సార్! ఇలాగైతే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోవాలనే చూస్తుంది."

ఆమె ఆ డిఫరెన్షియల్ మీద చెయ్యేసి ఓనర్ వైపు తిరిగింది. "మలుపులో బండి మాట వినట్లేదని ఆయన మొత్తుకుంటే, తాగొచ్చావా అని నవ్వింది నువ్వే కదరా! నా మొగుణ్ణి నలుగురు మోశారు. దీన్ని నువ్వొక్కడివే మోసుకుంటూ పోలీస్ స్టేషన్‌కి నడు. ఇప్పుడే!"